బ్యాగు చిరగలేదు, లోపలి పొరే ఊడిపోయింది

క్యాబిన్ బ్యాగు కొనేవాళ్లు జిప్పులు లాగి చూస్తారు, పట్టీలు భుజాన వేసుకుని చూస్తారు. లోపల చెయ్యి పెట్టి పూత ఎలాంటిదో ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. కోనసీమలాంటి చోట ఉండేవాళ్లు మాత్రం ముందు అదే అడగాలి. ఇన్నేళ్లు వాడాక నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదొక్కటే.

నాది 40 లీటర్ల నైలాన్ బ్యాక్‌ప్యాక్, సూట్‌కేసులా మొత్తం తెరుచుకునే రకం. కొన్నిటికి ఇప్పటికీ మెచ్చుకుంటాను. రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లే ఏటీఆర్ అనే చిన్న విమానంలో తల పైన చోటు తక్కువ. గట్టి ట్రాలీలు చాలావాటిని మెట్ల దగ్గరే తీసుకుని కింద వేసేస్తారు. ఇది మెత్తనిది కాబట్టి నొక్కితే పట్టేస్తుంది. బ్యాగు బరువే తక్కువ కావడంతో 7 కిలోల లెక్క కూడా ఎప్పుడూ దాటలేదు.

అసలు నేను దీన్ని ఇష్టపడింది వానకి. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదావరి దాటించే పడవ, ఎక్కి నరసాపురంలో రైలు పట్టుకోవడం మాకు అలవాటు. రేవు బురదలో ట్రాలీ చక్రాలు ఎందుకూ పనికిరావు. ఒకసారి వశిష్ఠ గోదావరి మధ్యలో ఉండగా వాన మొదలైంది. దాక్కోడానికి చోటు లేదు. ఒడ్డు చేరేసరికి మనిషినీ బ్యాగునీ పిండొచ్చు. స్టేషన్లో తెరిచి చూస్తే లోపల బట్టలు పొడిగా ఉన్నాయి. ఆ రోజు నుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడైతే ఆ మాట కొత్త బ్యాగు వరకే అంటాను.

ముందు వాసన మొదలైంది. పుల్లటి వాసన. తడి బట్టలదేమో అనుకుని రెండుసార్లు ఉతికి నీడలో ఆరబెట్టాను, పోలేదు. తర్వాత అడుగున జిగురు తగలసాగింది. కార్తీకంలో అమ్మతో పంచారామాలకు బయల్దేరి, అమరావతి చూసుకుని రాత్రికి భీమవరం లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున సోమారామం వెళ్దామని పట్టు పంచె తీస్తే మడతల నిండా తెల్లటి పొట్టు. దులిపితే రాలదు, గీకితే పట్టుకి అంటుకుపోతోంది. అమ్మ చూసి, "ఏంట్రా ఇది, గోడ సున్నం రాలినట్టు? ఇది కట్టుకుని గుళ్లోకొస్తావా?" అంది. చివరికి నూలు పంచెతోనే వెళ్లాను. ఆ పట్టు పంచె మరకలు ఈనాటికీ పూర్తిగా పోలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. బయటి గుడ్డకి చిన్న చిరుగు కూడా లేదు, జిప్పులు నూనె పూసినట్టు నడుస్తున్నాయి, లోపల మాత్రం ఇదీ పరిస్థితి.

తర్వాత అర్థమైంది. నీళ్లు దిగకుండా నైలాన్‌కి లోపలివైపు పాలీయురేథేన్ పూత వేస్తారు. గాలిలో తేమ, వేడి కలిసి ఆ పూతని మెల్లగా విడగొడతాయి. ముందు వాసన, తర్వాత జిగురు, ఆ తర్వాత పొట్టు. బీరువాలో దాచిన బూట్ల అడుగులు వాడకుండానే పొడైపోవడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే. మా ఊళ్లో జూన్‌లో పట్టుకున్న చెమ్మ వాయుగుండాలన్నీ అయ్యేదాకా వదలదు. కలరా ఉండలు పురుగుని ఆపుతాయి గానీ తేమని ఆపవు. కంపెనీకి ఫొటోలు పంపితే సహజమైన అరుగుదల, వారంటీ వర్తించదు అన్నారు. కొబ్బరి తోటల మధ్య బతికేవాళ్లకి ఈ పూత ఎక్కువ కాలం ఆగకపోవచ్చని లేబుల్ మీద ఒక్క ముక్క రాయొచ్చుగా!

మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి, పాత గుడ్డతో రుద్ది రుద్ది పూత మొత్తం తీసేశాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. వాసన పోయింది. వాన ఆపే గుణం కూడా దానితోనే పోయింది. ఇప్పుడు లోపల పెద్ద పాలిథిన్ కవరు వేసి, అందులో బట్టలు సర్దుతున్నాను.

ఊళ్లు తిరిగేటప్పుడు భుజాన వేసుకోడానికి అమలాపురంలో కొన్న మామూలు కాన్వాస్ సంచి ఉంది. దానికి ఏ పూతా లేదు. తడిస్తే బరువెక్కుతుంది, ఫోన్‌ని వేరే కవర్లో పెట్టాలి. అయినా దండెం మీద వేస్తే ఆరిపోతుంది, అంతే. ద్రాక్షారామంలో పై అంతస్తుకి మెట్లెక్కేటప్పుడు, కార్తీకం రద్దీలో, ముందుకి తిప్పి పొట్టకి ఆనించుకుంటే చాలు. రెండిట్లో ఇదే ఇంకా కొత్తలా ఉంది.

మళ్లీ కొంటే సిలికాన్ పూత ఉన్న నైలాన్ చూస్తాను. తేమకి అది ఇలా విడిపోదు, ధర మాత్రం ఎక్కువ. లేదంటే పూత లేని మందపాటి గుడ్డ, దాని మీదకి విడిగా రెయిన్ కవర్. హైదరాబాద్‌లో ఉండి వారం వారం తిరిగేవాళ్లకి నా బ్యాగే చాలా ఏళ్లు రావచ్చు, గాలి తగులుతూ ఉంటుంది కాబట్టి. నాది ఏడాదిలో ఎక్కువ నెలలు బీరువాలోనే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక అమ్మని కాశీ తీసుకెళ్లాలి. అక్కడి సందుల్లో వీపున వేసుకునేదే నయం. అప్పటికి పట్టీల కుట్లు ఇలాగే ఉంటే పాలిథిన్ కవరుతో సహా దీన్నే పట్టుకెళ్తాను, పట్టు పంచెలు మాత్రం అమ్మ సంచిలో.