మారతహళ్లిలో తెలుగులో టెక్నికల్ అనాలిసిస్ తరగతులు

బెంగళూరు మారతహళ్లిలో తెలుగులో నడిచే ఈ వారాంతపు తరగతులు, స్టాక్ చార్టు చదవడం మొదటినుంచి నేర్చుకోవాలనుకునేవారికి నిస్సందేహంగా ఉపయోగపడతాయి. 50, 200 రోజుల మూవింగ్ యావరేజ్‌లు గడిచిన అన్నేసి రోజుల ధరల సగటులే కనుక ధోరణి మార్పును ఆలస్యంగానే చూపుతాయని బోధకులు ముందుగానే స్పష్టం చేశారు. ఆ నిజాయతీ నాకెంతో నచ్చింది. ఇటీవలి ధరల పెరుగుదల, తగ్గుదలల బలాన్ని 0–100 మధ్య కొలిచే 14 రోజుల ఆర్‌ఎస్‌ఐ 30 కంటే దిగువకు వస్తే ధర అతిగా పడిందనుకుని కొనేయవచ్చన్న అపోహను తొలగించడానికి, 2020 మార్చి నాటి నిఫ్టీ చార్టును తెరపై ఒక్కో రోజు ధరల కదలికను చూపే ఒక్కొక్క క్యాండిల్‌గా జరుపుతూ, ఆర్‌ఎస్‌ఐ ఆ గీత దాటి దిగిన తర్వాత కూడా పతనం ఆగక, 23న సూచీ సుమారు 13 శాతం కూలి 7,610 వద్ద ముగిసిన తీరును చూపించారు. బ్రేకౌట్ (ధర ఒక కీలక స్థాయిని దాటడం) బలాన్ని అంచనా వేయడానికి కీలకమైన, ఎన్ని షేర్లు చేతులు మారాయో చెప్పే వాల్యూమ్‌ను మాత్రం పైపైన చెప్పి వదిలేయడం పెద్ద లోటు. అయినా, నష్టాన్ని ఆపడానికి బయటపడే ధర అయిన స్టాప్‌లాస్ ఎక్కడో నిర్ణయించుకోకుండా ఆర్డర్ వేయనివ్వని అభ్యాసాల కోసమైనా ఇందులో చేరవచ్చు.