తెగిన ఏసీఎల్‌కు ఆపరేషన్ లేకుండా వ్యాయామం: ఏడాదిన్నర వాడాక

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి తాడు లాంటి కణజాలం. అది తెగినా నడకకు, మెట్లకు, బండి నడపడానికి వ్యాయామాన్ని నమ్మొచ్చు. కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో పరుగెడుతూ గభాలున మలుపు తిరగాలంటే మాత్రం దీనికి పూర్తి మార్కులు వెయ్యను.

మొదటి వారాల్లో అందరి ధ్యాసా కాలు మడవడం మీదే ఉంటుంది. ముందు సాధించాల్సింది పూర్తిగా చాపడం. మంచం మీద కాలు చాపి, మడమ కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలి కింద ఏ ఆసరా లేకుండా 10 నిమిషాలు వదిలెయ్యాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. తర్వాత టవల్ తీసి, తొడ బిగించి, మోకాలి వెనక వేళ్లు దూర్చి చూడండి. మంచి కాలి కింద దూరనివి దెబ్బతిన్న కాలి కింద సులువుగా దూరితే, ఇంకా పని మిగిలినట్టే. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునేవాళ్లకే కాలు వంగి బిగుసుకుపోతుంది.

వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరం సరిగా పని చెయ్యదు. మర్నాటికి వాపు పెరిగిందంటే ముందురోజు మోతాదు ఎక్కువైందని అర్థం, తగ్గించండి. మామూలు నీ క్యాప్ (మోకాలి తొడుగు) ధైర్యమిస్తుంది కానీ లిగమెంట్ చేసే పని అది చెయ్యదు.

2010లో వెలువడిన స్వీడన్ పరిశోధనలో 121 మంది కొత్తగా దెబ్బతిన్నవాళ్లు. ముందు వ్యాయామం మొదలుపెట్టిన 59 మందిలో రెండేళ్లలోపు 23 మందే ఆపరేషన్ చేయించుకున్నారు. నొప్పి, ఆటల్లో ఇబ్బంది వంటివాటిలో ఈ జట్టుకూ, మొదట్లోనే ఆపరేషన్‌కు కేటాయించిన రెండో జట్టుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో బ్రిటన్‌లో 316 మందితో చేసిన పరిశోధనలో ఆపరేషన్‌దే పైచేయి. అయితే వాళ్లు పాత దెబ్బతో మోకాలు పట్టు తప్పుతున్నవాళ్లు. ఈ తేడా చెప్పకుండా ఎవరు సలహా ఇచ్చినా నమ్మకండి.

మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోతే మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగి అడ్డుపడి ఉండొచ్చు, వెంటనే సర్జన్‌ను కలవాలి. మూడు నెలలు శ్రద్ధగా చేసినా మోకాలు జారుతూనే ఉంటే ఇక ఆగొద్దు. జారిన ప్రతిసారీ మెనిస్కస్‌కు ముప్పే.

ఆపరేషన్ అయినా ఈ వ్యాయామాలన్నీ మళ్లీ మొదటి నుంచే. నొప్పి పోయినంత త్వరగా కొత్త లిగమెంట్ గట్టిపడదు. 9 నెలలు నిండి, తొడ బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి చేరేదాకా ఆటలోకి దిగొద్దు.