సైకిల్ పంపులు నాలుగు కొన్నాను, బండి మీద మిగిలింది ఒక్కటే

సైకిల్‌కి గాలి కొట్టే పంపుల మీద నేను తగలేసిన డబ్బుతో ఒక జత మంచి టైర్లు వచ్చేవి. ఈ లెక్క నేను వేసింది కాదు, మా ఆవిడ వేసింది. నాలుగో పంపు పార్సిల్ వచ్చిన రోజు డబ్బా చేతికిస్తూ చెప్పింది. ఆ నాలుగోది కొని ఏడాది దాటింది, ఐదోది కొనలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నా.

నాది 700 బై 28 టైర్లున్న రోడ్ బైక్, అంటే 28 మిల్లీమీటర్ల వెడల్పుండే సన్న టైర్లు. ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలి నుంచి చేవెళ్ల వైపు, కాళ్లలో సత్తువ ఉంటే వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్తుంటా. ఆ రోడ్డు మీద పంచర్ అంటే గాజు పెంకులు తక్కువ, ముళ్లు ఎక్కువ. పక్కకి దిగామంటే సర్కారు తుమ్మ, లేదంటే పల్లేరు కాయ. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, దాన్ని దేవుడు సైకిళ్ల కోసమే చేశాడేమో అనిపిస్తుంది.

మొదటి పంపు జానెడు కూడా లేదు. గొట్టం గిట్టం ఏమీ ఉండదు, పంపు మూతినే ట్యూబ్ వాల్ మీద గుచ్చి పక్కనున్న మీట ఎత్తితే పట్టుకుంటుంది. జెర్సీ వెనక జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలీదు. ఇంట్లో ఓ నాలుగుసార్లు కొట్టి చూశా, గాలి వస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నా. చేవెళ్ల మర్రిచెట్ల దగ్గర వెనక టైరు కూర్చుంది. ట్యూబ్ మార్చా, టైరు ఎక్కించా, కొట్టడం మొదలుపెట్టా. మొదటి 60 సార్లు హాయిగా వెళ్లింది. ఆ తర్వాత పంపు బిగుసుకుపోయింది. బొటనవేలితో నొక్కితే టైరు ఇంకా సగం పండిన జామకాయలా ఉంది. ఒక చేత్తో వాల్ దగ్గర పట్టుకుని, రెండో చేత్తో ఒళ్లంతా బలం పెట్టి తోస్తుంటే, తోసిన ప్రతిసారీ వాల్ అటూ ఇటూ ఊగుతోంది. ఊగి ఊగి చివరికి వాల్ మొదట్లో, రబ్బరుకి అతికిన చోట చీరింది. కొత్త ట్యూబ్. ఇంకోటి లేదు. అక్కడ చీరితే ప్యాచ్ కూడా పడదు.

పాత ట్యూబ్‌కి పంచర్ వేయించుకుందామని తోసుకుంటూ వెళ్తే ఒక షాపు కనిపించింది. తొట్టిలో ముంచి ముల్లు దిగిన చోటు రెండు నిమిషాల్లో పట్టేశాడు, ప్యాచ్ బ్రహ్మాండంగా వేశాడు. తీరా గాలి పట్టే దగ్గరికొచ్చేసరికి "ఇదేం వాలన్నా, సూదిలా ఉంది?" అన్నాడు. అది ప్రెస్టా వాల్. ఆయన కంప్రెసర్ పైపు మోటార్ సైకిల్, కారు వాల్‌కి సరిపోతుంది, దాన్ని ష్రేడర్ అంటారు. రెండింటికీ పొత్తు కుదరదు. మధ్యలో వేసే ఇత్తడి అడాప్టర్ ఒకటుంటుంది, వేలి గోరంత, ఖరీదు చాలా తక్కువ, అది ఆ రోజు నా దగ్గర లేదు. నా పంపుతో కొడదామంటే అది 40 పీఎస్ఐ (టైరులో గాలి ప్రెషర్ కొలిచే లెక్క) దగ్గరే ఆగిపోతుందని అప్పటికే తేలింది. సిటీకి కూరగాయలు తీసుకెళ్తున్న టాటా ఏస్ వెనక టమాటా ట్రేల మధ్య సైకిల్ పట్టుకుని కూర్చుని ఇంటికొచ్చా.

ఆ సాయంత్రం పంపు విప్పి స్కేలు పెట్టి చూస్తే విషయం బోధపడింది. పంపు లోపల పిస్టన్ కదిలే గొట్టం వెడల్పు దాదాపు 30 మిల్లీమీటర్లు ఉంది. లావు పంపు ఒక్కసారికి గాలి ఎక్కువ తోస్తుంది కాబట్టి మౌంటెన్ బైక్ టైర్లకి బాగుంటుంది, వాటికి 35, 40 పీఎస్ఐ చాలు. నా టైరుకి 80 కావాలి. 30 మిల్లీమీటర్ల పిస్టన్‌ని 80 పీఎస్ఐ మీద కదపాలంటే దాదాపు 40 కిలోల బరువు తోయాలి, అదీ నేల మీద ఆనించి కాదు, గాల్లో, ఒక చేతికి ఎదురుగా ఇంకో చేయి పెట్టి. డబ్బా మీద 120 పీఎస్ఐ అని రాసుంది. అంత ఎక్కించాలంటే 60 కిలోలు. ఆ డబ్బా మీద రాసినవాళ్లు ఎప్పుడైనా చెమట కార్చి చూశారో లేదో.

పిస్టన్ 20 మిల్లీమీటర్లయితే అదే 80 దగ్గర 18 కిలోల లోపే. మామూలు మనిషి చేయగలడు. కాకపోతే ఒక్కసారికి వెళ్లే గాలి తక్కువ కాబట్టి ఎక్కువసార్లు కొట్టాలి. నా టైరు నిండటానికి దాదాపు 7 లీటర్ల బయటి గాలి కావాలి. 15 సెంటీమీటర్లు కదిలే సన్న పంపు ఒకసారికి 47 మిల్లీలీటర్లు తోస్తుంది. అంటే కాగితం మీదే 150 సార్లు, నిజంగా 200 దగ్గర పెట్టుకోండి. అదే సన్న పంపుతో 26 బై 2.1 లావు మౌంటెన్ టైరుని 35కి తేవాలంటే కాగితం మీదే 200 దాటుతుంది. కాబట్టి కొనే ముందు అడగాల్సింది "ఎంత పీఎస్ఐ దాకా వెళ్తుంది" అని కాదు, నా టైరు లావా సన్నమా అని. సన్న టైరుకి సన్న పంపు, లావు టైరుకి లావు పంపు. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే టమాటాల మధ్య ప్రయాణం తప్పేది.

రెండోది సన్నదే, పైగా గొట్టం ఉంది. గొట్టం ఉంటే వాల్ మీద బలం పడదు, చీరే భయం ఉండదు, ఇందులో రెండో మాట లేదు. ప్రెషర్ కూడా బాగా ఎక్కింది. కానీ ఆ గొట్టం వాల్ మీద మర మేకులా తిప్పి బిగించే రకం. ప్రెస్టా వాల్స్‌లో కొన్నింటికి లోపలి పిన్ను ఊడి వస్తుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది, దాని మీద నార్సింగి దాటాక ఒక పంచర్ అయింది. ట్యూబ్ మార్చి 200 సార్లు కొట్టి, చెమటలు కక్కి, సంతోషంగా గొట్టం తిప్పి తీస్తుంటే పిన్ను కూడా దాంతోపాటు తిరిగి చేతిలోకొచ్చింది. బుస్సుమని మొత్తం గాలి ఒక్క సెకనులో పోయింది. పక్కన మా బామ్మర్ది నిలబడి "బావా, ఇప్పుడు ఏం చేశావ్?" అన్నాడు, ఏదో నేను కావాలని వదిలినట్టు. ఈ రకం పంపే కొన్నారంటే ఆ పిన్నుని ముందే చిన్న కటింగ్ ప్లేయర్‌తో కాస్త బిగించి పెట్టుకోండి, లేదా గొట్టం చివర గాలి వదిలే బొడిపె ఉన్న మోడల్ చూసుకోండి. తీసేముందు అది నొక్కితే గొట్టంలోని ప్రెషర్ పోయి, పిన్ను కదలకుండా గొట్టం సులువుగా వస్తుంది. నాదానికి ఆ బొడిపె లేదు.

ఇక మూడోది, అందరూ ఇప్పుడు అడుగుతున్నది, బ్యాటరీ పంపు. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి షావోమీ లాంటిది, వాటర్ బాటిల్‌లో సగం సైజు, దాదాపు అర కిలో. మా బామ్మర్ది దగ్గర ఉంది. అంకె పెట్టి బటన్ నొక్కితే ఆ ప్రెషర్ రాగానే తనే ఆగిపోతుంది. కారుకీ స్కూటీకీ ఫుట్‌బాల్‌కీ అన్నిటికీ పనికొస్తుంది. ఇంట్లో, కారు డిక్కీలో పెట్టుకోవడానికి నా ఓటు దానికే. సైకిల్ మీద మోసుకెళ్లడానికి మాత్రం బరువు. రెండో జాతి అగ్గిపెట్టెకి అన్నలా ఉండే చిన్న డబ్బా, 100 గ్రాములు అటూ ఇటూ. నేను కొన్నది ఈ చిన్నది, చవకలో దొరికింది, పేరు చెప్పను. పనిచేసినప్పుడు మాత్రం మాయే. నిమిషంన్నరలో టైరు రాయిలా అయిపోతుంది, మనం పక్కన నిలబడి అరటిపండు తినొచ్చు. చప్పుడు మాత్రం పొద్దున్నే ఐదింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆన్ చేస్తే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చేంత.

తేడా ఎక్కడొచ్చిందంటే, మూడు నెలలు పంచర్ పడలేదు. నేనూ దాన్ని సంచిలో మర్చిపోయా. పడిన రోజు తీస్తే లైటు ఒక్కసారి వెలిగి ఆరింది. ఛార్జింగ్ ఎప్పుడో దిగిపోయింది. పంచర్ వస్తానని ముందు చెప్పి రాదు కదా, నెలకోసారి ఛార్జ్ పెట్టే మనిషయితే కొనండి, నా లాంటివాళ్లకి వద్దు. ఇంకో సంగతి, గాలి కొట్టేటప్పుడు దాని మూతి బాగా కాలుతుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఈ మధ్య పారదర్శకంగా, ప్లాస్టిక్ కాగితంలా ఉండే టీపీయూ ట్యూబులు వస్తున్నాయి చూడండి, అవి వాడేవాళ్లు వాల్‌కీ పంపుకీ మధ్య చిన్న గొట్టం తప్పకుండా వేసుకోవాలి, లేకపోతే ఆ వేడికి వాల్ దగ్గర మెత్తబడే ప్రమాదం ఉంది.

సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) సిలిండర్లు కూడా ఒకసారి వాడి చూశా. వేలెడంత సిలిండర్, 16 గ్రాముల గ్యాస్, రెండు సెకన్లలో టైరు నిండుతుంది, సిలిండర్ మంచు పట్టి వేళ్లు అతుక్కునేంత చల్లబడుతుంది. రేసుల్లో ఉన్నవాళ్లకి సరే. ఆ గ్యాస్ రబ్బరు గుండా మామూలు గాలి కంటే త్వరగా జారిపోతుంది, మర్నాటికి టైరు మెత్తబడి ఉంటుంది, మళ్లీ గాలి పట్టాలి. పైగా ఒకటి వృథా అయితే చేతిలో ఏమీ ఉండదు. నా వల్ల కాదు.

సరే, నాలుగోది. టోపీక్ కంపెనీ రోడ్ మార్ఫ్ జీ. చూడటానికి అందంగా ఏం ఉండదు. అడుగు కంటే కాస్త ఎక్కువ పొడవు, కింద మడత విప్పితే కాలు పెట్టే చిన్న కడ్డీ వస్తుంది, పైన పిడి తిప్పితే టీ ఆకారం అవుతుంది, పక్క నుంచి గొట్టం, గొట్టం మధ్యలో వేలెడంత గేజి. అంటే ఇంట్లో నిలబెట్టి కొట్టే పెద్ద పంపుని నలిపి చిన్నది చేసినట్టు. రోడ్డు పక్కన సైకిల్‌ని చెట్టుకి ఆనించి, కడ్డీ మీద కాలు పెట్టి, వంగి ఒంటి బరువుతో నొక్కడమే. 18 కిలోలు చేతులతో గాల్లో తోయడానికీ, ఒంటి బరువు వేసి కిందికి నొక్కడానికీ పోలికే లేదు. పొడవుగా ఉండటం వల్ల ఒక్కసారికి వెళ్లే గాలీ ఎక్కువ. నాకు 120 నుంచి 140 సార్లలో 80 వస్తుంది, ఊపిరి మామూలుగానే ఉంటుంది. మూతి మీట రకం, మర కాదు, కాబట్టి పిన్ను ఊడిరాదు. లోపలి రబ్బరు ముక్క తిప్పి పెట్టుకుంటే ష్రేడర్‌కీ పట్టుకుంటుంది. మా బామ్మర్ది హైబ్రిడ్ సైకిల్‌ది ష్రేడర్ వాల్, రెండుసార్లు దానికీ ఇదే కొట్టాం.

గేజి అంకెలు చిన్నవి, నా చత్వారం కళ్లకి అద్దాలు కావాలి, అయినా 60 ఉందా 80 ఉందా తెలిస్తే చాలు. సీటు కింది సంచిలో పట్టదు, ఫ్రేముకి క్లిప్పుతో కట్టాల్సిందే, వానాకాలం బురదంతా దాని మీదే. నేను ఒక పాత సాక్సు తొడిగి కడుతున్నా. బండి అందం చూసుకునేవాళ్లకి ఇది నచ్చదు, ముందే చెప్తున్నా. లావు టైర్లవాళ్లయితే ఇదే కుటుంబంలో మౌంటెన్ మార్ఫ్ అని లావు పంపు ఉంది, అది చూడండి.

పిల్లల సైకిల్, ఇంట్లో ఉన్న పాత నల్ల సైకిల్ కోసం కొంటున్నవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. వాటికి ఎక్కువగా ఉండేది డన్‌లప్ వాల్, లోపల చిన్న రబ్బరు వాల్ ట్యూబ్ తొడిగి ఉంటుంది. ప్రెస్టాకి పట్టే మూతి చాలావరకు దీనికీ పడుతుంది, కానీ గేజి చూపించే అంకె నమ్మొద్దు, ఆ రబ్బరు తెరుచుకోవడానికే కొంత ప్రెషర్ పోతుంది. ఒక మామూలు నిలువు పంపు కొని ఇంట్లో పెట్టుకోండి, వాల్ ట్యూబ్ ముక్కలు నాలుగు పక్కన ఉంచుకోండి. సగం సార్లు పంచర్ అనుకున్నది పంచర్ కాదు, ఆ రబ్బరు పాడవడమే.

ఏ పంపు కొన్నా సరే, వచ్చిన రోజే టైరు గాలి మొత్తం తీసేసి, బాల్కనీలో కూర్చుని, కావాల్సిన ప్రెషర్ దాకా దాంతోనే కొట్టి చూడండి. నాలాగా నాలుగుసార్లు కొట్టి వదిలేయకండి. అక్కడ కుదరకపోతే వెనక్కి పంపొచ్చు, చేవెళ్లలో కుదరకపోతే ఏం చేస్తాం. ట్యూబ్ మార్చేటప్పుడు టైరు లోపల చుట్టూ మెల్లగా వేలు తిప్పి ముల్లు మొన తీసేయడం మర్చిపోవద్దు, తీయకపోతే ఎంత మంచి పంపయినా ఐదు నిమిషాల ముచ్చటే.

అడాప్టర్ ఇప్పుడు మూడు కొన్నా. ఒకటి సంచిలో, ఒకటి బామ్మర్దికి, ఒకటి ఆ పంచర్ షాపాయనకి ఇచ్చా. ఆయన దాన్ని సొల్యూషన్ డబ్బా పక్కన మేకుకి తగిలించాడు.