69 తర్వాత 80: హారర్ పత్రికలతో నా పాతికేళ్లు

మా బేస్‌మెంట్‌లో పొడుగాటి తెల్ల అట్టపెట్టెలు ఏడున్నాయి. అన్నిటిలోనూ హారర్ సినిమా పత్రికలే. మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: దీపం పెట్టే వేళకి అవి టీపాయ్ మీద కనపడకూడదు. పాతికేళ్ల పైనుంచి కొంటున్నాను, చదువుతున్నాను, కొన్నిటికి ఏటా చందా కడుతున్నాను. ఆగిపోయిన పత్రికలు మళ్లీ వస్తున్నాయట కదా, కొనొచ్చా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇది వాళ్ల కోసం.

ఈ పిచ్చికి మొదలు విజయవాడలో మా వీధి మంగలి షాపు. క్రాపు కోసం వరసలో కూర్చున్నంతసేపూ నలిగిపోయిన సితార, విజయచిత్ర తిరగేసేవాణ్ణి. రాబోయే సినిమా స్టిల్స్ చూసి కథ మనమే అల్లుకోవడం. హీరో చొక్కా చిరిగుంటే అది ఇంటర్వెల్ ఫైటని, హీరోయిన్ తెల్లచీర కట్టుకుంటే ఎవరో పోయారని. తీరా సినిమా వచ్చాక చూస్తే చాలాసార్లు నేను అల్లిన కథే నయమనిపించేది.

1997లో ఎమ్మెస్ చదవడానికి పిట్స్‌బర్గ్ వచ్చాను. కారున్న సీనియర్ ఎవరైనా దయతలిస్తే శనివారం పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లం. దర్శనం, పులిహోర, ఆ తర్వాత దగ్గర్లోనే ఉన్న మన్రోవిల్ మాల్‌లో ఊరికే తిరగడం. ఒకరోజు ఎస్కలేటర్ మీద ఉండగా రూమ్మేట్ అన్నాడు: "ఒరేయ్, శవాలు లేచొచ్చి షాపింగ్ మాల్ మీద పడతాయే, 'డాన్ ఆఫ్ ద డెడ్', అది తీసింది ఇక్కడే." నుదుటి మీద కుంకుమతో, చేతిలో ప్రసాదం పొట్లంతో ఆ మాట విన్నాను. అప్పటికి నేనా సినిమా చూడలేదు. ఆ వారమే ఒక పాత పుస్తకాల షాపులో, డాలరుకి ఒకటి చొప్పున అమ్మే బుట్టలో ఫ్యాంగోరియా అనే హారర్ సినిమా పత్రిక దొరికింది.

ఫ్యాంగోరియా 1979లో మొదలైంది. ముందు ఫెంటాస్టికా అని పెట్టాలనుకున్నారు. దాదాపు అలాంటి పేరే ఉన్న ఇంకో పత్రికవాళ్లు కోర్టుకెక్కడంతో మార్చుకున్నారు. మొదటి సంచిక అట్ట మీద గాడ్జిల్లా. మొదట్లో నష్టాలే. కానీ ఆ మొదటి సంచికలోనే టామ్ సవీనీ మేకప్ పనితనం గురించి, అదీ మా మాల్‌లో తీసిన సినిమా గురించి, ఒక వ్యాసం వేశారు. పాఠకులకు పట్టింది అదే. సంపాదకులు ఆ దారి పట్టుకుని పోయారు. 'ద షైనింగ్' సినిమా బొమ్మ అట్ట మీద వేసిన 7వ సంచికతో మొదటిసారి లాభం చూశారు. అట్టకి ఎడమవైపు నిలువుగా ఫిలిం రీలు, అందులో చిన్నచిన్న స్టిల్స్. షాపులో ఆ రీలు అంచు కాస్త కనపడితే చాలు, నాకు చెయ్యి ఆగదు.

పైకి రక్తం, లోపల వర్క్‌షాపు. ఈ పత్రిక విషయంలో బయటివాళ్లకు అర్థం కానిది ఇదే. తెగిన చెయ్యి బొమ్మ పక్కనే దాన్ని ఎలా పోతపోశారు, రబ్బరు ఎలా ఉడికించారు, గొట్టం ఎక్కడ దాచారు అని రాసి ఉంటుంది. సినిమా రక్తమంటే కార్న్ సిరప్‌లో ఆహారపు రంగు కలిపిందని నేను నేర్చుకుంది ఇక్కడే. సవీనీ వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడని, అక్కడ కళ్లారా చూసిందే తర్వాత మేకప్‌లోకి వచ్చిందని తెలిశాక ఆ బొమ్మల్ని చూసే తీరు మారింది. అప్పుడు నేను చదివినవాటిలో సగానికి పైగా సినిమాలు చూడలేదు. మంగలి షాపులో లాగే కథ అల్లుకున్నాను.

ఫ్యాంగోరియా నుంచి వెనక్కి వెళ్తే దాని తాత కనపడతాడు: ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్. 1958లో మొదటి సంచిక, ధర 35 సెంట్లు. ప్రచురణకర్త జేమ్స్ వారెన్, సంపాదకుడు ఫారెస్ట్ జె. ఆకర్‌మన్. ఫాంటసీ సినిమాల మీద ఫ్రాన్సులో వచ్చిన ఒక ప్రత్యేక సంచికను ఆకర్‌మన్ వెంట తెచ్చుకున్నాడు, అది చూసి వారెన్‌కు ఆలోచన తట్టింది. ఒక్క సంచికతో సరిపెట్టాలనుకున్నది పాతికేళ్లు నడిచింది. అంతకు ముందు ఏడాదే, 1957లో, యూనివర్సల్ స్టూడియో వాళ్ల పాత హారర్ సినిమాలు 52 కలిపి 'షాక్' అనే పేరుతో టీవీ స్టేషన్లకు అమ్మారు. అర్ధరాత్రి నిద్ర కాచి డ్రాకులాను, ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్ని చూసే పిల్లలు దేశమంతా ఒక్కసారిగా తయారయ్యారు. వీసీఆర్ లేని కాలం. రాత్రి చూసిన భూతం మళ్లీ ఎప్పుడు కనపడుతుందో తెలియదు. పత్రికలో అయితే దాన్ని పరుపు కింద దాచుకోవచ్చు.

బేసిల్ గోగోస్ వేసిన అట్టబొమ్మల గురించి ఎంత చెప్పినా తక్కువే. నలుపు తెలుపుల్లో మాత్రమే తెలిసిన ముఖాల మీద ఒక పక్క ఎర్రటి వెలుగు, ఇంకో పక్క ఆకుపచ్చ, పసుపు. భూతం ముఖం నాటకం స్టేజీ మీద ఫోకస్ లైట్ల కింద ఉన్నట్టుంటుంది. లోపలి కాగితం మాత్రం న్యూస్‌ప్రింటు. ఇప్పుడు తెరిస్తే అంచులు బెల్లం రంగులో ఉంటాయి, జాగ్రత్తగా తిప్పకపోతే పొడి రాలుతుంది.

ఆకర్‌మన్ రాతల్లో శ్లేషలు ఎక్కువ. ఫ్రాంకెన్‌స్టైన్ భూతం వేషం వేసిన నటుడు బోరిస్ కార్లాఫ్ పేరు కలిపి తన ఊరిని "హారర్‌వుడ్, కార్లాఫోర్నియా" అని రాసుకునేవాడు. పిల్లలకు ఆయన అంకుల్ ఫోరీ. మొదట నాకు ఈ హాస్యం విసుగ్గా ఉండేది, పదేళ్ల పిల్లల కోసం రాసిందని అర్థమయ్యాక అలవాటైంది. 1970ల సంచికల్లో పాత వ్యాసాలే మళ్లీమళ్లీ వేశారు, డబ్బు పెట్టి కొంటుంటే అది ఇప్పటికీ నచ్చదు. వెనక పేజీల్లో, పోస్టులో సరుకులు పంపే కెప్టెన్ కంపెనీ ప్రకటనలు మాత్రం విడిగా ఒక లోకం: రబ్బరు మాస్కులు, 8 ఎంఎం రీళ్లు, మోడల్ కిట్లు. పాత సంచిక కొనేటప్పుడు ముందు ఆ పేజీలే చూడాలి. ఎవడో పిల్లాడు 1964లో కూపన్ కత్తిరించి పోస్టు చేసుంటాడు, దాని వెనక పేజీలో మీరు చదవాల్సిన వ్యాసంలో నాలుగు లైన్లు పోయుంటాయి.

ఇక నా తెలివితేటలు. వరస నింపాలన్న పట్టుదలతో 70 నుంచి 79 వరకు సంచికల కోసం దాదాపు ఏడాది వెతికాను. ఒక అమ్మకందారుకి అడ్వాన్సు ఇవ్వడానికి కూడా సిద్ధపడ్డాను. చివరికి ఒక పాత పత్రికల సంతలో ముసలాయన నా చిట్టీ చదివి నవ్వాపుకోలేక టేబుల్ పట్టుకున్నాడు. వారెన్ ఆ పదింటినీ అచ్చు వేయనే లేదు. మాన్‌స్టర్ వరల్డ్ అని అంతకు ముందు నడిపిన ఇంకో పత్రిక సంచికలు పదింటిని లెక్కలో కలిపేసి, 69 తర్వాత నేరుగా 80 అని వేశాడు. లేని పత్రికల కోసం ఏడాది తిరిగానన్న సంగతి మా ఆవిడకి చాలాకాలం చెప్పలేదు.

అసలు ఫేమస్ మాన్‌స్టర్స్ 1983లో 191వ సంచికతో ఆగింది. పునర్జన్మలు రెండు. 1993లో రే ఫెరీ దాన్ని ఏకంగా 200వ సంచికతో మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఆయనకూ ఆకర్‌మన్‌కూ చెడింది, కోర్టుకెళ్లారు, 2000లో జ్యూరీ ఆకర్‌మన్ పక్షాన తీర్పిచ్చింది. 2008లో ఆకర్‌మన్ పోయాడు. 2010లో వేరే చేతుల్లో 250వ సంచికతో మళ్లీ వచ్చింది. ఈ రెండో పునర్జన్మ సంచికలు నా దగ్గర డజను పైనే ఉన్నాయి. అట్టలు అద్భుతం, ముద్రణ అద్భుతం. అయినా ఒకసారి తిరగేసి పెట్టెలో పెట్టేశాను, మళ్లీ తీయలేదు. పాత పత్రిక మీద ప్రేమ ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. కానీ ఆ పత్రిక అప్పుడు తీర్చిన అవసరం ఇప్పుడు లేదు కదా. డ్రాకులా ముఖం చూడటానికి ఇప్పుడు ఎవరూ రెండు నెలలు ఆగక్కర్లేదు.

ఫ్యాంగోరియా సంగతి వేరు. 2015లో ముద్రణ ఆగింది. 2018లో కొత్త యాజమాన్యం, ఫిల్ నొబిలే జూనియర్ సంపాదకత్వం, మూడు నెలలకొక సంచిక. కొత్త మొదటి సంచిక అట్ట మీద ఆ ఏడాది వచ్చిన 'హాలోవీన్' సినిమా. అప్పటినుంచి తీసుకుంటున్నాను. మధ్యలో యాజమాన్యం మళ్లీ మారింది, సంచిక రావడం మాత్రం ఆగలేదు. చేతిలోకి తీసుకోగానే తెలిసేది బరువు. పిన్నులు కొట్టిన పల్చటి పత్రిక కాదు, వీపు ఉన్న పుస్తకం, దళసరి కాగితం. వార్తల కోసం పరుగు లేదు, ట్రైలర్ ఎప్పుడొస్తుందన్న గోల లేదు. పాత సినిమా ఒకటి తీసుకుని, దానికి పనిచేసినవాళ్లతో మాట్లాడి, తీరిగ్గా పది పేజీలు రాస్తారు. సినిమా ఫోన్‌లోనే దొరుకుతోంది కాబట్టి రాత్రి సినిమా చూసి పొద్దున్న వ్యాసం చదువుతాను, లేదా వ్యాసం చదివి మళ్లీ సినిమా పెడతాను. మంగలి షాపు రోజులకు ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి, అయినా పత్రిక కావాల్సే వస్తోంది.

అసంతృప్తులు లేకపోలేదు. పాత ఫ్యాంగోరియాను బస్సులో మడిచి జేబులో పెట్టుకున్నాను, దీన్ని పెట్టుకోలేను. ధర కూడా డాలరు బుట్టకి చాలా దూరం. పాతదాంట్లో పోస్టల్ జోన్ అని ఉత్తరాల పేజీలుండేవి. పదహారేళ్ల కుర్రాడు, జైల్లో ఉన్నవాడు, ఫలానా తల నరికిన సీను బాగా రాలేదని తిట్టినవాడు, అందరూ అక్కడే. ఇప్పటి రచయితలు బాగా చదువుకున్నవాళ్లు, రాత బాగుంటుంది, కానీ ఆ సందడి లేదు. కొన్నిసార్లు వ్యాసం కాలేజీ పేపరు లాగా అనిపించి పక్కన పెట్టిన మాట నిజం.

టొరంటో నుంచి వచ్చే రూ మోర్గ్ 1997లో మొదలైంది, నేను ఈ దేశం వచ్చిన ఏడాదే. పుస్తకాలు, సంగీతం, చరిత్ర కూడా కావాలంటే అది చూడండి. పాత నలుపు తెలుపు భూతాలే కావాలంటే 1991 నుంచి వస్తున్న స్కేరీ మాన్‌స్టర్స్ ఉంది, అది పునర్జన్మ కాదు, అభిమానుల ఇంటి వంట.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇదే కోవలోని ఒక చిన్న పత్రికకు, పేరెందుకులెండి, రెండేళ్ల చందా ఒకేసారి కట్టాను. రెండు సంచికలొచ్చాయి, ఆ తర్వాత ఈమెయిలుకి జవాబు కూడా లేదు. కొత్తగా మొదలైన పత్రిక అయితే ముందు విడి సంచిక కొనండి. పాత ఫ్యాంగోరియా కొంటే నడిమి పిన్నుల దగ్గర తెరిచి పోస్టరు ఉందో లేదో చూడండి, చాలావాటిలో అది ఎవరి గోడ మీదకో వెళ్లిపోయి ఉంటుంది. తుప్పు పట్టిన పిన్నులు పీకొద్దు. ప్లాస్టిక్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, చెమ్మ లేని గది, అంతే.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేడు. కొత్త ఫ్యాంగోరియా నాకంటే ముందే చదివేస్తోంది, పాతవి కూడా అప్పుడప్పుడు తీస్తోంది. మొన్న మూడో పెట్టె ముందు కూర్చుని, "నాన్నా, డెబ్బై నుంచి లేవేంటి, ఎక్కడ పెట్టావ్?" అంది. ఒక తెల్ల అట్ట కత్తిరించి, "70–79: వెతకొద్దు, లేవు" అని స్కెచ్ పెన్నుతో రాసి, 69కీ 80కీ మధ్య నిలబెట్టాను.