చిన్న కారులో సన్‌రూఫ్: ఉన్న వేరియంటా, లేనిదా?

టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్ వంటి చిన్న కార్లలోనూ సన్‌రూఫ్, అంటే పైకప్పులో తెరుచుకునే అద్దం, లభిస్తున్నందున, ఒకే కారులో అది ఉన్న వేరియంటుకూ లేనిదానికీ మధ్య తేల్చుకోవలసి వస్తోంది.

సన్‌రూఫ్ ఉంటే లోపలికి వెలుతురు ధారాళంగా వస్తుంది. ఎండలో నిలిపిన కారులోని వేడిగాలి త్వరగా బయటికి పోతుంది. చలికాలపు ఉదయాన అరకు ఘాట్ రోడ్డు మీద అది ఇచ్చే ఆనందాన్ని నేను కాదనను. కానీ మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో దానిని పగటిపూట తెరవడం కష్టమే. లేని కారులో, ముఖ్యంగా పొడవైనవారికి, తలపైన కాస్త ఎక్కువ చోటు మిగులుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది నీరు. అద్దం చుట్టూ ఉండే రబ్బరు సీలు దాటి దిగిన వాన నీరు మూలల్లోని సన్నని గొట్టాల ద్వారా కిందికి పోవాలి. వేపచెట్టు నీడన రోజూ నిలిపే కారులో ఆకులు, పూత, దుమ్ము చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే, నీరు సీట్లపైకి కారుతుంది. మామూలు పైకప్పుకు ఈ శుభ్రత అవసరమే లేదు.

పిల్లలు తల బయట పెట్టి నిలబడే అలవాటు ప్రాణాంతకం. ఘాట్ ప్రయాణాలు తరచుగా ఉంటే తప్ప, సన్‌రూఫ్ కోసం అదనంగా పెట్టే డబ్బును మంచి టైర్లకు వెచ్చించమనే చెబుతాను.