బల్లార్షా నుంచి సికింద్రాబాదుకు వందే భారత్‌లో: ఒక ప్రయాణికుడి సమీక్ష

తెలంగాణ సరిహద్దుకు దగ్గరున్న మహారాష్ట్ర పట్టణం బల్లార్షాలో కాగితం మిల్లునూ బొగ్గు గనులనూ నమ్ముకుని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. వైద్యానికి నాగపూర్ దగ్గరే అయినా, చుట్టాలున్నదీ, డాక్టరుకు మన బాధను మన మాటల్లో చెప్పుకోగలిగేదీ హైదరాబాదులోనే కాబట్టి, మా అమ్మ మోకాళ్ల చికిత్స కోసం ఏడాదిగా అక్కడికే తిరుగుతున్నాము. ఆ ప్రయాణాల్లో నాలుగింటిని నాగపూర్–సికింద్రాబాదు వందే భారత్ ఎక్స్‌ప్రెస్‌లో చేశాము. ప్రభుత్వం ఎంతో ఘనంగా చెప్పుకుంటున్న ఈ బండి మా సరిహద్దు ఊళ్లవాళ్లకు ఎంతవరకు పనికివస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ సర్వీసు 2024 సెప్టెంబరు 16న మొదలైంది. తెల్లవారుజామున 5 గంటలకు నాగపూర్‌లో బయలుదేరి, సేవాగ్రామ్, చంద్రపూర్ మీదుగా ఏడున్నర దాటాక బల్లార్షా చేరి, రామగుండం, కాజీపేటల మీదుగా మధ్యాహ్నం 12:15కు సికింద్రాబాదు చేరేలా సమయాలు పెట్టారు. అంటే మా ఊరి నుంచి దాదాపు నాలుగున్నర గంటల ప్రయాణం. ఒకప్పుడు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజంతా ధారపోసిన మాకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

బండి విషయంలో నాకు ఏ అసంతృప్తీ లేదు. బండిని ముందుండి లాగే విడి ఇంజను ఉండదు. మోటార్లు పెట్టెల కిందే అమర్చి ఉండటంతో, స్టేషన్ వదిలిన కాసేపటికే కుదుపు లేకుండా వేగం అందుకుంటుంది. తలుపు తెరుచుకోవడానికి ముందు దాని కింద నుంచి ఒక మెట్టు బయటికి జరిగి, ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య ఉండే సందును చాలావరకు కప్పేస్తుంది. మామూలు బళ్లలో రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, వెనక నుంచి నేను ఎత్తితే తప్ప ఎక్కలేని అమ్మ, మొదటిసారి ఆ మెట్టు మీద కాలు పెట్టి తనంతట తానే లోపలికి నడిచింది. నాకు మిగతా సౌకర్యాలన్నీ ఒక ఎత్తు, ఆ మెట్టు ఒక ఎత్తు. మంచిర్యాల దాటి గోదావరి వంతెన మీదికి రాగానే అలవాటు కొద్దీ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది కానీ, అద్దాలు తెరుచుకునేవి కావు. నదికి దండం పెట్టుకుని, ఆ బిళ్లను మళ్లీ కొంగుకే ముడివేసుకుంది.

అయితే ఈ రైలును గంటకు 180 కిలోమీటర్ల వేగానికి తగ్గట్టు తయారుచేశారు. బల్లార్షా–కాజీపేట మార్గంలో 2022 నుంచి అనుమతిస్తున్న గరిష్ఠ వేగం 130. నాగపూర్ నుంచి సికింద్రాబాదు దాకా లెక్కవేస్తే సగటున గంటకు సుమారు 80 కిలోమీటర్లే పడుతుంది. ప్రారంభ సమయ పట్టికలో కాజీపేట నుంచి సికింద్రాబాదుకు ఉన్న 132 కిలోమీటర్లకు రెండు గంటలకు పైగా ఇచ్చారు, తిరుగు దిశలో అదే దూరానికి సుమారు గంటా ఇరవై నిమిషాలే ఇచ్చారు. దారిలో జరిగే ఆలస్యాన్ని చివర సర్దుకోవడానికి గమ్యానికి ముందు అదనపు సమయం కలపడం రైల్వేలో మామూలే. బొగ్గు గూడ్సులూ, ఢిల్లీ–చెన్నై మధ్య తిరిగే ఎక్స్‌ప్రెస్‌లూ, ఈ బండీ అవే పట్టాలు పంచుకోవలసిన చోట ఆ జాగ్రత్త తీసుకోక తప్పదు.

అందుకే నా దృష్టిలో డబ్బు ముందుగా వెళ్లవలసింది పట్టాలకే. రైల్వేకు 2025–26 కేంద్ర బడ్జెట్‌లో పెట్టుబడి కింద ఇచ్చింది సుమారు 2.52 లక్షల కోట్లు. ముంబయి–అహ్మదాబాదు బుల్లెట్ రైలు 508 కిలోమీటర్ల మార్గానికి తొలి అంచనాయే 1.08 లక్షల కోట్లు, అంటే కిలోమీటరుకు 200 కోట్లకు పైమాటే. గంటకు 320 కిలోమీటర్ల వేగానికి పూర్తిగా ప్రత్యేకమైన మార్గం కావాలి కాబట్టి అంత ఖర్చు అవుతుందని ఒప్పుకుంటాను, అలాంటి మార్గాలు దేశానికి అక్కర్లేదని కూడా అనను. కానీ మా దారిలో కాజీపేట–బల్లార్షా మూడో లైను సుమారు 200 కిలోమీటర్లకు 2,000 కోట్లకు పైబడిన పని, కిలోమీటరుకు పది కోట్ల లెక్క. 2015–16లో మంజూరైన ఆ లైను ఎప్పుడో పూర్తయి ఉంటే, గూడ్సులకు వేరే దారి దొరికి, ఈ బండి తన సత్తువ చూపించడానికి వీలుండేది. స్లీపర్ టికెట్టు కొనుక్కునేవాళ్ల బళ్లు కూడా వేరే బళ్లకు దారి ఇవ్వడానికి లూప్ లైన్లలో, అంటే స్టేషన్ల పక్క పట్టాల మీద, పడిగాపులు పడేవి కావు.

20 పెట్టెలతో మొదలైన ఈ బండి నిండకపోవడంతో 2025 ఫిబ్రవరిలో 8కి తగ్గించారు. మా వైపు నుంచి చూస్తే అందుకు కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. చైర్ కార్ ఛార్జీ మామూలు స్లీపర్‌కు కొన్ని రెట్లు. వయోవృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేయడంతో అమ్మకూ పూర్తి టికెట్టే. అన్నిటికంటే ముఖ్యంగా, 12:15కు చేరే బండి మళ్లీ ఒంటిగంటకే తిరుగుముఖం పడుతుంది. బల్లార్షా, చంద్రపూర్‌ల నుంచి ఆసుపత్రి పనికో కాలేజీ పనికో వెళ్లినవాళ్లు ఆ ముప్పావు గంటలో స్టేషన్ ఆవరణ కూడా దాటలేరు కాబట్టి, ఇదే బండిలో తిరిగి రావాలంటే ఒక రాత్రి బస ఖర్చు టికెట్టు మీద అదనంగా పడుతుంది. సికింద్రాబాదులో సాయంత్రం బయలుదేరేలా మారిస్తే ఖాళీ సీట్లలో చాలావరకు మా ఊళ్లవాళ్లే నింపుతారని నా నమ్మకం.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి, హైదరాబాదులో ఉండటానికి చోటున్నవారికి ఈ బండిని నిస్సందేహంగా సూచిస్తాను. మంగళవారం నడవదు, చూసుకుని టికెట్టు తీసుకోండి. మేమైతే ఇప్పుడు వెళ్లేటప్పుడు ఇందులో వెళ్లి, పరీక్షలు అయ్యాక అత్తయ్య ఇంట్లో భోజనం చేసి, రాత్రి బండిలో అమ్మకు కింది బెర్తు దొరికితే పడుకోబెట్టి తీసుకువస్తున్నాము.