టూ పవర్ ఎక్స్‌తో మొదలుపెట్టాలా, సీ ఆఫ్ ఎక్స్‌తోనా?

హన్మకొండలో ఎమ్మెస్సీ పిల్లలకు టోపాలజీ (సాగదీసినా వంచినా మారని ఆకార లక్షణాల గణితం) చెప్తుంటాను. ప్రాజెక్టుల సమయం రాగానే ప్రతి ఏడూ ఇదే ప్రశ్న: "సార్, హైపర్‌స్పేస్ తీసుకుంటే ఖాళీ కాని క్లోజ్డ్ సెట్లన్నీ ఉండే టూ పవర్ ఎక్స్ మేలా, సబ్‌కంటిన్యువమ్‌లు మాత్రమే ఉండే సీ ఆఫ్ ఎక్స్ మేలా?"

హైపర్‌స్పేస్ అంటే ఎక్స్ అనే ఆకారంలోని సెట్లనే బిందువులుగా తీసుకునే స్పేస్. కంటిన్యువమ్ అంటే తెగకుండా ఒకే ముక్కగా ఉండే కాంపాక్ట్ మెట్రిక్ స్పేస్, అందులో ఇమిడిన అలాంటి ముక్కే సబ్‌కంటిన్యువమ్. రెండింట్లోనూ దూరం కొలిచేది హౌస్‌డార్ఫ్ మెట్రిక్కే (ఒక సెట్‌లోని బిందువు రెండో సెట్‌కు అతి ఎక్కువగా ఎంత దూరంలో ఉందో రెండు వైపుల నుంచీ చూసే కొలత). ఎక్స్ ఏ కంటిన్యువమ్ అయినా రెండూ ఆర్క్‌వైజ్ కనెక్టెడే, అంటే ఏ రెండు బిందువులనైనా తెగని గీతతో కలపొచ్చు. నా మటుకు తేల్చే విషయం ఒక్కటే: హైపర్‌స్పేస్‌ను చూసి ఎక్స్ ఎలా ఉంటుందో ఎంతవరకు చెప్పగలం?

మన కాజీపేట జంక్షన్ తీసుకోండి. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపు మూడు లైన్లు. బైపాస్, మధ్యలో చీలే లైన్లు వదిలేస్తే ఇది అచ్చంగా ట్రయాడ్ (ఒక బిందువు దగ్గర మూడు గీతలు కలిసే ఆకారం). సబ్‌కంటిన్యువమ్ అంటే ఎక్కడా తెగని ట్రాక్ ముక్క. అందులో కాజీపేట ఉంటే, ఒక్కో లైన్ మీద ఎంత దూరం పోయిందో మూడు సంఖ్యలు చెప్తే చాలు, అది ఒక ఘనం. కాజీపేట లేకపోతే ముక్క ఒకే లైన్ మీద ఉంటుంది, జనగామ నుంచి ఘన్‌పూర్ దాకా అన్నట్టు. దానికి మొదలు, చివర తెలిస్తే చాలు, అది త్రిభుజం. ఒక ఘనం, కాజీపేట ఒక్కటే ఉండే మూల దగ్గర కలిసే మూడు అంచులకు అతికిన మూడు త్రిభుజాలు: సీ ఆఫ్ ఎక్స్ ఇంతే. బోర్డు మీద గీయొచ్చు. ఆ మూడు రెక్కలు చూసి కింద మూడు లైన్లున్నాయని చెప్పొచ్చు కూడా.

టూ పవర్ ఎక్స్‌లోకి జనగామ, జమ్మికుంట, మహబూబాబాద్ అనే మూడు విడి స్టేషన్ల సెట్ కూడా ఒక బిందువుగా వస్తుంది. అన్నీ వచ్చి చేరాక ఏమవుతుందో 1970లలో గణితవేత్తలు కర్టిస్, షోరి నిరూపించారు: ఒకటి కంటే ఎక్కువ బిందువులున్న ఏ పియానో కంటిన్యువమ్‌కైనా (ఏ బిందువు చుట్టూ ఎంత దగ్గరగా చూసినా ఒకే ముక్కగా ఉండేది) వచ్చేది హిల్బర్ట్ క్యూబే (అనంత దిశలున్న ఘనం). గీత, వృత్తం, కాజీపేట ట్రాక్, అన్నింటికీ అదే. అద్భుతమైన సిద్ధాంతం, కానీ ఎక్స్ ఆనవాలు చెరిగిపోయింది.

సీ ఆఫ్ ఎక్స్‌కూ ఒక లోపం ఉంది. గీతకు త్రిభుజం, వృత్తానికి డిస్క్ వస్తాయి, టోపాలజీలో రెండూ ఒకటే. అయితే ఫైనైట్ గ్రాఫ్‌లలో (కొన్ని గీతలను చివర్ల దగ్గర అతికిస్తే వచ్చే ఆకారాలు) ఇలా కలిసిపోయే జంట ఇదొక్కటే. ఇంకా లోతైన సంగతి: సీ ఆఫ్ ఎక్స్ నుంచి ఎక్స్ అనే ఒక్క బిందువును తీసేస్తే మిగిలింది ఆర్క్‌వైజ్ కనెక్టెడ్ కాకుండా పోతే, ఎక్స్ ఇన్‌డికంపోజబుల్, అంటే తనకంటే చిన్నవైన రెండు సబ్‌కంటిన్యువమ్‌ల యూనియన్‌గా దాన్ని రాయలేం. తిరగేసి చెప్పినా నిజమే. నన్ను ఈ సబ్జెక్టులోకి లాగింది ఇదే.

ఇన్ఫినిట్ డైమెన్షనల్ టోపాలజీ మీద మనసున్నవాళ్ళు టూ పవర్ ఎక్స్‌కే వెళ్ళండి. రెండు సెట్లను యూనియన్ చేసినా అక్కడే ఉంటాం, ఆ సౌకర్యం సీ ఆఫ్ ఎక్స్‌లో లేదు. సిమెట్రిక్ ప్రోడక్టులు (ఒక పరిమితి దాటని సంఖ్యలో బిందువులుండే సెట్ల హైపర్‌స్పేస్‌లు) సెమినార్‌కు బాగుంటాయి: వృత్తం నుంచి రెండు లేదా అంతకు తక్కువ బిందువులు తీసుకుంటే మోబియస్ పట్టీ వస్తుంది.

ఈ ఏడు అడిగిన ఇద్దరికీ తోక ఉన్న వృత్తం ఇచ్చాను, దాని సీ ఆఫ్ ఎక్స్ గీసుకురమ్మని.